పాత కొండసైకిలును బాగుచేయుట, పసిపిల్లలతో సవారి చేయుట

మన పాఠశాల సామానుకొట్టులో, విరిగిన బల్లల వెనుక, ఒక పాత సైకిలు ఏండ్ల తరబడి పడియుండెను. కొంతకాలము మన యొద్ద ఆంగ్లము బోధించి స్వదేశమునకు మరలిపోయిన విదేశ మిత్రుడొకడు దానిని విడిచిపోయెను. లావు టైరులును, తిన్నని హాండిలును గల ఆ వాహనమునకు పిల్లలు ‘దున్నపోతు సైకిలు’ అని పేరుపెట్టిరి. అది 1980ల దశాబ్దమున చేయబడిన కొండసైకిలు. దానిని విప్పి, కడిగి, మరల కూర్చి నడపుటలో మేమును, శనివారములయందు మాతో పనిచేసిన తొమ్మిదవ తరగతి విద్యార్థులును నేర్చుకొనిన సంగతులను ఇచ్చట వరుసగా వివరింపబూనితిమి. ఇందు చరిత్ర కొంత, భౌతిక రసాయన శాస్త్రములు కొంత, చేతిపని కొంత కలదు. అన్నిటికంటె ముఖ్యముగా, సైకిలుపై పసిపిల్లను ఎక్కించుకొను ప్రతి తండ్రియు, ప్రతి తల్లియు తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. దానిని మేమెట్లు తెలిసికొంటిమో కూడ దాచక చెప్పుదుము.

1. కొండసైకిలు పుట్టుక

సైకిలు చరిత్రలో పసిపిల్లలకు గల పాలు కొంచెము కాదు. 1887వ సంవత్సరమున ఐర్లండు నందలి బెల్‌ఫాస్టు నగరములో జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన చిన్న కుమారుని మూడుచక్రముల బండికై రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు తొడిగెను. మరుసటి యేట దానికి హక్కుపత్రము పొందెను. ఇట్టి యాలోచన అంతకు నలువది యేండ్లకు ముందే రాబర్ట్ విలియం థామ్సన్ అను వానికి తట్టియుండినను, లోకమున వాడుకలోనికి వచ్చినది డన్‌లప్ గాలిటైరే. పిమ్మట 1933లో అమెరికాయందలి ష్విన్ కంపెనీవారు బాలుర సైకిళ్లకు రెండంగుళములకు మించిన వెడల్పుగల టైరులను తొడిగిరి. ఆ చక్రముల అడ్డుకొలత 26 అంగుళములు. పిల్లలు గుంటలలో దూకించినను, గట్లెక్కించినను అవి ఓర్చుకొనెడివి.

నలువది యేండ్లు గడచెను. 1970ల దశాబ్దమున కాలిఫోర్నియా రాష్ట్రములోని మేరిన్ జిల్లాలో, టామల్‌పాయిస్ కొండ పరిసరముల నుండు యువకులు పాతసామానుల అంగళ్లలో ఆ పిల్లల సైకిళ్లనే వెదకి కొని, బాగుచేసికొని, కొండదారుల వెంట దిగసాగిరి. 1976 అక్టోబరు 21వ తేదీన ఫేర్‌ఫాక్స్ పట్టణము చేరువను వారు ఒక పందెము జరిపిరి. ఆ మట్టిదారి సుమారు 2 మైళ్లలో 1,300 అడుగులు పల్లమునకు దిగును. పాత సైకిళ్ల బ్రేకు వెనుక హబ్బులోనే యుండుటచేత, ఒక్కసారి దిగునప్పటికే ఆ వేడికి గ్రీజు కాలి పొగయైపోవుచుండెను. హబ్బును విప్పి మరల గ్రీజు కూరినగాని రెండవసారి దిగుటకు వీలుండెడిది కాదు. కావున ‘మరల కూరుట’ అను అర్థముగల ‘రీప్యాక్’ అను మాటయే ఆ పందెమునకు పేరయ్యెను.

1977లో జో బ్రీజ్ అనునతడు పాత చట్రములను విడిచి, క్రోమియము, మాలిబ్డినము కలిపిన ఉక్కు గొట్టములతో కొండలకే తగినట్లుగా క్రొత్త చట్రమును కట్టెను. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనువారు టామ్ రిచీ చేసిన చట్రములతో ఇట్టి సైకిళ్ల వ్యాపారము నారంభించిరి. 1981లో స్పెషలైజ్‌డ్ కంపెనీవారి స్టంప్‌జంపర్ అను సైకిలు విరివిగా తయారై అమ్మకమునకు వచ్చెను. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలయందు కొండసైకిలు పందెము మొదటిసారి చేర్పబడెను. ఇందు గమనింపవలసిన దేమనగా, కొండసైకిలు ఏ కర్మాగారపు గీతపటమునను మొదట పుట్టలేదు. పారవేయబడిన పిల్లల సైకిళ్లను బాగుచేసికొనుటలో పుట్టెను. కావున పాత కొండసైకిలును బాగుచేయువాడు దాని వంశాచారమునే పాటించుచున్నాడని చెప్పవచ్చును.

2. మొదట పరీక్ష

పానా పట్టుటకు ముందు కన్ను పెట్టవలెను. చట్రము బాగుగ నున్నచో తక్కినవన్నియు మార్చుకొనవచ్చును. చట్రము చెడినచో తక్కినవెంత మెరసినను ప్రయోజనము లేదు. హాండిలు మెడ గొట్టమునకు పై గొట్టమును, క్రింది గొట్టమును అతుకబడిన చోట్లను గుడ్డతో తుడిచి, వ్రేలితో తడవి చూడవలెను. అచ్చట రంగు ముడుతపడినను, గొట్టము కొంచెము ఉబ్బినను ఆ సైకిలు ఒకప్పుడు దేనినో ఎదురుగా ఢీకొనినదని తెలియవలెను. ముందు ఫోర్కు ప్రక్కనుండి చూచినపుడు వెనుకకు వంగియుండరాదు. అతుకులయొద్ద సన్నని తుప్పుగీత కనబడినచో అది పగులు కావచ్చును. పగిలిన చట్రముపై ఎవ్వరును ఎక్కరాదు. పిల్లను ఎక్కించుట అసలే కూడదు.

మా సైకిలు చట్రము ఉక్కుదో కాదో తెలియుటకు ఒక బాలిక భౌతికశాస్త్ర బీరువాలోని అయస్కాంతమును తెచ్చి తగిలించెను. అది అంటుకొనెను. ఉక్కు చట్రము కొంత బరువైనను నేర్పరియైన పనివాడు దానిని మరల అతుకగలడు, తిన్నజేయగలడు. అల్యూమినియపు చట్రమునకు అట్టి వీలు మిక్కిలి తక్కువ.

3. విడదీయుట

సీటుక్రింది గొట్టము చట్రములో బిగిసిపోయి కదలకుండెను. ఇది పాత సైకిళ్లకు తరచుగా వచ్చు వ్యాధి. కారణము రసాయనశాస్త్రము చెప్పును. సీటు గొట్టము అల్యూమినియము, చట్రము ఉక్కు. రెండు వేరువేరు లోహముల నడుమ ఉప్పు కలిసిన తేమ చేరినచో అది విద్యుద్ఘటమువలె పనిచేయును. అల్యూమినియము తినబడి తెల్లని ఆక్సైడుగా మారును. ఆ పొడి లోహముకంటె ఎక్కువ చోటు నాక్రమించుటచేత మేకు కొట్టినట్లు బిగియును. సుత్తితో బాదిన చట్రము పాడగును గాని గొట్టము రాదు. మేము దినమునకు రెండుసార్లు చొప్పున పలుచని నూనె పోసి ఎనిమిది దినములు వేచియుంటిమి. తొమ్మిదవనాడు సీటును రెండు చేతులతో పట్టి ఇటునటు త్రిప్పగా మూలుగుచు కదలెను. ఓపిక కూడ ఒక పనిముట్టే యని విద్యార్థులు ఆనాడు ఒప్పుకొనిరి.

ఎడమ పెడలును విప్పుటలో మరియొక పాఠము దొరికెను. బలవంతుడైన బాలుడొకడు పానాపై వ్రేలాడినను అది రాలేదు. ఏలయనగా ఎడమ పెడలుకు ఎదురు మర యుండును. తొక్కుచున్నప్పుడు పెడలు తనంతట వదులై ఊడిపోకుండుటకే ఈ యేర్పాటు. కుడి పెడలును మామూలుగా ఎడమకు త్రిప్పి విప్పవలెను. ఎడమ పెడలును కుడికి త్రిప్పి విప్పవలెను. ఇది యెరుగక బలము చూపువాడు మరను మరింత బిగించుచుండును.

విప్పిన ప్రతి భాగమును వేరువేరు డబ్బాలలో నుంచి పేరు వ్రాసిన చీటి అంటించవలెను. హబ్బులలోని గోళీలను లెక్కపెట్టవలెను. సాధారణముగా ముందు హబ్బునందు ప్రక్కకు 10 చొప్పున 3/16 అంగుళపు గోళీలును, వెనుక హబ్బునందు ప్రక్కకు 9 చొప్పున పావు అంగుళపు గోళీలును ఉండును. గోళీలపై గుంటలు పడినచో అన్నిటిని ఒక్కసారే మార్చవలెను. వాని వెల స్వల్పము.

4. తుప్పు తీయుట

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిసి తుప్పగును. పైపై తుప్పును సన్నని ఉప్పుకాగితముతోగాని, కిరసనాయిలు తడిపిన గుడ్డతోగాని తీయవచ్చును. చిన్న ఉక్కు మేకులను, మరలను ఒక రాత్రి పులికాడి ద్రావకములో నానవేసినచో అందలి ఆమ్లము తుప్పును కరగించును. పిమ్మట వంటసోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పూయవలెను. లేనియెడల మరునాటికే క్రొత్త తుప్పు పట్టును. చట్రమునకు మరల రంగు వేయింపవలెనని కొందరు విద్యార్థులు కోరిరి. మేము వలదంటిమి. ఉన్న రంగు గట్టిగా నంటియున్నంత వరకు అదియే చట్రమునకు కవచము. పైగా క్రొత్త రంగు పగుళ్లను కప్పిపుచ్చును. గీతలు పడిన చోట్ల మాత్రము రంగు తాకించి, తక్కిన చట్రమును మైనముతో తుడిచితిమి.

5. మరల కూర్చుట

హబ్బులలో క్రొత్త గ్రీజు పెట్టి కోనులను బిగించునపుడు రెండు తప్పులు జరుగుట కలదు. మిక్కిలి బిగించినచో చక్రము గరగరలాడును. వదలుగా విడిచినచో రిమ్ము ఇటునటు ఊగును. ఊపు లేకయు, గరుకు లేకయు త్రిరుగునట్లు అమర్చవలెను.

గొలుసు అరిగినదో లేదో అడుగుబద్దతో కనుగొనవచ్చును. క్రొత్త గొలుసునందు ఒక మేకు నడుమ నుండి లెక్కింప 24వ మేకు నడుమకు సరిగా 12 అంగుళములుండును. అది 12 అంగుళముల మీద అంగుళములో పదునారవ వంతు పెరిగినచో గొలుసును మార్చవలెను. ఎనిమిదవ వంతు పెరుగువరకు ఉపేక్షించినచో పళ్లచక్రములు కూడ అరిగిపోయి వ్యయము రెట్టింపగును.

ఇక బ్రేకులు. పాత కొండసైకిళ్లకు రిమ్మునకు ఇరువైపుల రెండు చేతులును, వానిని కలుపు ఒక అడ్డతీగయు, దానిని పైకి లాగు బ్రేకు వైరును ఉండును. వైరు పైకి మెరయుచున్నను తొడుగులోపల ఒక్కొక్క పోగుగా తెగుచుండవచ్చును. ముందు చక్రపు వైరు తెగినచో అడ్డతీగ టైరుపై పడి చిక్కుకొని చక్రమును హఠాత్తుగా బిగబట్టును, ఎక్కినవాడు తలక్రిందులగును. అందుచేత ఆ తీగకు క్రిందుగా ఒక చిన్న ఇనుప పట్టీనిగాని, మడ్‌గార్డునుగాని బిగింపవలెను. పాత వైరులను, గట్టిపడిన బ్రేకు రబ్బరులను చూచి ‘ఇంకను పనిచేయును’ అని విడువరాదు. సైకిలుపై ఎన్నిటినైనను పాతవాటిని ఉంచుకొనవచ్చును గాని, వైరులను, బ్రేకు రబ్బరులను, టైరులను క్రొత్తవే వేయవలెను.

6. పళ్లచక్రముల లెక్క

ముందు చక్రపు పళ్లను వెనుక చక్రపు పళ్లచే భాగించిన వచ్చు సంఖ్యయే, పెడలు ఒక చుట్టు తిరిగినపుడు బండిచక్రము తిరుగు చుట్ల సంఖ్య. 26 అంగుళముల చక్రము ఒక చుట్టునకు సుమారు 2 మీటర్ల 7 సెంటీమీటర్లు పోవును. ముందు 28 పళ్లు, వెనుక 28 పళ్లు అయినచో పెడలు చుట్టునకు అంతే దూరము. ముందు 48, వెనుక 14 అయినచో సుమారు 7 మీటర్లు. మొదటిది ఎక్కుడునకు, రెండవది చదునుబాటకు. వెనుక బిడ్డ కూర్చున్నపుడు ఎక్కుడులో మొదటిది మిక్కిలి మేలు. ఏలయనగా తొక్కలేక లేచి నిలిచి ఊగులాడు తండ్రి వెనుక బిడ్డయు ఊగులాడును.

7. మేము నేర్చుకొనిన పాఠము

ఇప్పుడు మొదట చెప్పెదమన్న సంగతి. ఈ సైకిలును బాగుచేయుటకు ఒక యేడు ముందు, మా చిన్న కుమారుని అయిదవ యేట, సాయంకాలము అంగడినుండి మా మామూలు సైకిలుపై వచ్చుచుంటిమి. వాడు వెనుక ఉత్త క్యారియర్‌పై కూర్చుండెను. కాళ్లు ఉంచుకొనుటకు చోటు లేదు. చక్రమునకు అడ్డు లేదు. నిద్రమత్తున వాని కాలు జారి మడమ చక్రపు చువ్వల నడుమ పడెను. కేక వినబడునప్పటికే చక్రము ఆగిపోయెను. నెల దినములు వాడు నడువలేదు. మడమపై మచ్చ నేటికిని కలదు. తరగతిలో యంత్రశాస్త్రము బోధించు మేము ఇంటిబిడ్డకు అడుగు పెట్టుకొను చోటు ఏర్పరచలేదు. ఇందుకు దారిని నిందింపలేము, సైకిలును నిందింపలేము. తప్పు మాది.

లెక్క చూడుడు. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవు 26 అంగుళముల చక్రము సెకనుకు రెండు చుట్లు తిరుగును. చక్రమునకు 36 చువ్వలున్నచో ఒక్క సెకనులో 72 చువ్వలు ఒక చోటును దాటును. ఇంత వేగమునకు ఎదురుగా ‘కాళ్లు దూరముగా పెట్టుకొనుము’ అను మాట ఏమి కాపుదల యగును? అయిదేండ్ల బిడ్డ ఆ మాటను వినును, ఒక నిమిషమునకు మరచును. మరచుట వాని వయస్సునకు తగినదే. మరువకుండుట పెద్దల పని.

కావున పాత కొండసైకిలునకు వెనుక చక్రము ఇరువైపుల గట్టి వలకప్పు బిగించితిమి. 1980ల దశాబ్దపు కొండసైకిళ్లలో పెక్కింటికి వెనుక ఇరుసు ప్రక్కను క్యారియర్‌కై మరచిల్లులుండును, చక్రముల నడుమ దూరము ఎక్కువ, టైరులు వెడల్పు. ఇవి బిడ్డను మోయుటకు అనుకూలములు. వెనుక ఆనుడును, నడుముపట్టీయు, పాదము నిముడ్చుకొను గిన్నెలును గల పిల్లల పీటను బిగించితిమి. సీటుక్రింది స్ప్రింగులలో చిన్నవ్రేళ్లు నలుగకుండ వానికి తొడుగు కుట్టించితిమి.

అయినను మా కుమారుడు దానినెక్కుటకు ఒప్పుకొనలేదు. మేము బలవంతము చేయలేదు. వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వలకప్పు మరలను వానిచేతనే బిగింపించితిమి. వాడు చక్రమును చేతితో త్రిప్పి, కప్పుపై అరచేయి పెట్టి, ఎటునుండియు వ్రేలు లోపలికి పోవునేమోయని చాలసేపు చూచెను. పిమ్మట “నాన్నా, ఇది కరవదు గదా?” అని యడిగెను. “కరవదు, నీవే బిగించితివి గదా” అంటిమి. మరునాటి ఉదయము కాలువగట్టు మీద మైలు దూరము వెళ్లి వచ్చితిమి. తిరిగివచ్చునపుడు వాడు కొంగలను లెక్కపెట్టుచుండెను. తన కాళ్ల మాట మరచెను. ఆనాడు మాత్రమే ఆ సైకిలు బాగుపడినదని మేము తలంచితిమి.

8. తలిదండ్రులకు కొన్ని సూత్రములు

ఏడాది నిండని శిశువును సైకిలుపై తీసికొని పోరాదు. మెడకు తగిన బలముండదు. పిమ్మటనైనను బిడ్డ తలకు సరిపోవు హెల్మెట్ ఉండవలెను. అది వెనుకకు వాలక, కనుబొమ్మలకు రెండు వ్రేళ్ల పైన నిలువవలెను. గట్టిగా నేలకు తగిలిన హెల్మెట్‌ను మరల వాడరాదు. బిడ్డ పీటలో నున్నపుడు సైకిలును స్టాండుపై విడిచి ఒక్క అడుగైన దూరముగా పోరాదు. చీర, ఓణీ, ఉత్తరీయము చక్రము వైపు వ్రేలాడరాదు. వేగము రెట్టింపైనచో బ్రేకుపట్టిన పిదప ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. బిడ్డ బరువు తోడైనపుడు ఈ మాట మరింత గుర్తుంచుకొనవలెను.

బిడ్డ తానే తొక్క నేర్చునపుడు ప్రక్కచక్రములకంటె మేలైన ఉపాయము కలదు. చిన్న సైకిలు పెడళ్లను ఊడదీసి, రెండు పాదములు నేలకు పూర్తిగా తగులునట్లు సీటును దించవలెను. బిడ్డ కాళ్లతో నేలను నెట్టుకొనుచు పోవుచుండగా తూకము తనంతట వచ్చును. పాదములెత్తి కొంతదూరము జారగలిగిన పిమ్మట పెడళ్లు బిగింపవచ్చును. బాటపై పోవునపుడు బిడ్డ ఎడమ అంచున ముందుగాను, పెద్దవారు కొంచెము వెనుకగా కుడిప్రక్కను పోవలెను. అట్లైనచో బిడ్డ కనబడుచుండును, వచ్చు బండ్లకు పెద్దవారు అడ్డుగా నుందురు. దూరమును పెద్దవారి కోరికను బట్టిగాక, బిడ్డ ఓపికను బట్టి నిర్ణయింపవలెను. నీడగల చెట్టుక్రింద ఆగి, నీరు త్రాగి, చీమలపుట్టను చూచి వచ్చినచో అదియును ప్రయాణమే.

ముగింపు

ప్రియ విద్యార్థులారా, మీ ఇండ్లలోను గోడకానుకొని తుప్పుపట్టుచున్న సైకిలు ఉండవచ్చును. ఒక శనివారము దానిని బయటికి తీసి చూడుడు. దేవుడు మనకప్పగించిన వస్తువులను పాడుచేయక కాపాడుట గృహనిర్వాహకుని పని యని మనము ప్రార్థనాలయమున వినుచున్నాము. పానాయు, నూనెడబ్బాయు ఆ బోధకు వెలియైనవి కావు. తలిదండ్రులారా, మీకు మా మనవి యొక్కటే. రేపు ఉదయము బిడ్డను బడికి తెచ్చుటకు ముందు మీ సైకిలు వెనుకకు పోయి నిలిచి, ఆ చిన్నపాదము ఎచ్చట నుండునో ఒక్కసారి చూడుడు. అచ్చట చువ్వలు తప్ప మరేమియు లేనియెడల ఆ దినము నడచియే రండు. సాయంకాలము లోపల వలకప్పు బిగించు పనివాడు మన బజారులోనే దొరకును.